రాజు పుట్టినరోజు నుంచి కైలీ పుట్టినరోజు దాకా

ఆస్ట్రేలియాలో బ్రిటిష్ వలస మొదలైన తొలి ఏడాది అట్టహాసంగా జరిగిన వేడుక ఒక పుట్టినరోజు. 1788 జనవరిలో ఖైదీల ఓడలు సిడ్నీ రేవు చేరాయి. ఆ జూన్ 4న మూడవ జార్జి రాజుకు 50 ఏళ్లు నిండాయి. రేవులో లంగరు వేసిన సిరియస్, సప్లై నౌకలు పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే వేళ 21 చొప్పున ఫిరంగులు పేల్చాయి. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ అధికారులకు విందు చేశాడు. సైనికులతో పాటు ఖైదీలకూ మందు పోశారు, రాత్రికి పెద్ద నెగడు వేశారు. తిండిగింజలకు కటకటగా ఉన్న రోజులవి. అయినా సముద్రాల అవతల ఉన్న, తమ మొహమైనా చూడని మనిషి పుట్టిన తేదీని అంతమంది పండగ చేసుకున్నారు. ఇప్పటి అభిమానులు చేసేదీ దాదాపు అదే.

రాజు పుట్టినరోజు ఆస్ట్రేలియాలో ఇంకా సెలవే, కాకపోతే తేదీతో దానికి సంబంధం తెగిపోయింది. మూడవ చార్లెస్ పుట్టింది నవంబరు 14న. చాలా రాష్ట్రాలు ఆ సెలవును జూన్ రెండో సోమవారం ఇస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియా సెప్టెంబరు చివరలో, క్వీన్స్‌లాండ్ అక్టోబరు మొదట్లో ఇస్తాయి. జూన్ సోమవారం నాడు బిరుదుల జాబితా వెలువడుతుంది, మెల్‌బోర్న్‌లో పెద్ద ఫుట్‌బాల్ పోటీ జరుగుతుంది, మంచు కొండల మీద స్కీయింగ్ మొదలవుతుంది. ఈ సందట్లో రాజును తలుచుకునేవాళ్లు తక్కువ. పుట్టినరోజు మీద మమకారం ఏనాడో వేరే మనుషుల మీదికి మళ్లింది: గాయనులు, నర్తకులు, ఆడవేషం కట్టే హాస్యగాళ్లు, టీవీ తారలు. వారిలో కొందరిని దేశంలోని గే సమాజం తన ఇంటి మనుషులుగా చేసుకుంది. ఆ తేదీలు వాళ్లకు తమ సొంత పండగలయ్యాయి.

అసలు ఆస్ట్రేలియా ఇళ్లల్లో పుట్టినరోజు ఎలా జరుగుతుందో చూస్తేనే ఇది అర్థమవుతుంది. పిల్లల పుట్టినరోజుకు ఫెయిరీ బ్రెడ్ ఉండి తీరాలి. తెల్ల బ్రెడ్డు ముక్కకు వెన్న రాసి, మీద రంగురంగుల చక్కెర గింజలు చల్లి, త్రికోణాలుగా కోస్తారు. అంతకు మించి అందులో ఏమీ లేదు, అయినా అది లేని పిల్లల పార్టీ పార్టీ కాదు. 1980లో ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ పత్రిక పిల్లల పుట్టినరోజు కేకుల పుస్తకం ఒకటి తెచ్చింది. అట్ట మీద రైలు కేకు, పెట్టెల నిండా పాప్‌కార్న్. లోపలి పేజీల్లో బంగాళదుంప చిప్స్‌తో ముక్కు పెట్టిన బాతు, జెల్లీ నీళ్లతో ఈత కొలను. ఆ బొమ్మల్లో తనకు ఏది కావాలో వేలు పెట్టి చూపించడం రెండు తరాల పిల్లలకు ఏటా జరిగే తంతు. అందులోని కేకు చేయడానికి తల్లులు రాత్రంతా మేల్కొన్న కథలు దేశంలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

పెద్దయ్యాక ముఖ్యమైనది 21వ పుట్టినరోజు. ఆ రోజు ఇంటి తాళంచెవి ఆకారంలో చేసిన పెద్ద వెండి రంగు చెవిని తల్లిదండ్రులు బిడ్డ చేతికిస్తారు. ఇకమీద ఏ వేళకు వచ్చినా తలుపు నువ్వే తీసుకోవచ్చని దాని భావం. 1970లలో వయోజన వయసు 18కి తగ్గినా ఈ ఆచారం పోలేదు. కానీ ఇంటి తలుపే మూసుకుపోయిన బిడ్డల మాటేమిటి? మగవాణ్ని ప్రేమించిన మగవాడిని, ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్లను ఇరవయ్యో శతాబ్దం మూడొంతుల కాలం ఆస్ట్రేలియా కుటుంబాలు గడప దాటించిన సందర్భాలు కొల్లలు. వారికి తాళంచెవి ఇచ్చింది స్నేహితులే.

మొదట తారల సంగతి. ఆస్ట్రేలియా తొలి ప్రపంచ తార నెల్లీ మెల్బా 1861 మే 19న మెల్‌బోర్న్ శివారు రిచ్మండ్‌లో పుట్టింది. అసలు పేరు హెలెన్ పోర్టర్ మిచెల్. ఊరి పేరునే రంగస్థల నామంగా మలుచుకుంది. లండన్‌లో వంటవాడు ఎస్కోఫియే పీచ్ పళ్లూ ఐస్‌క్రీమూ కలిపిన వంటకానికి ఆమె పేరు పెట్టాడు. 1927లో కాన్‌బెర్రాలో పార్లమెంటు భవనం తెరిచిన నాడు రాజు కోసం పాడే జాతీయగీతం ఆమె గొంతునే పలికింది. వీడ్కోలు కచేరీలు ఎన్నిసార్లు ఇచ్చిందంటే, వెళ్తానంటూ వెళ్లని మనిషిని గురించి చెప్పేటప్పుడు ఆస్ట్రేలియన్లు ఇప్పటికీ ఆమె పేరే ఎత్తుతారు. 1931 ఫిబ్రవరిలో సిడ్నీలో చనిపోతే శవపేటికను రైలులో మెల్‌బోర్న్‌కు తీసుకొచ్చారు, దారి పొడుగునా జనం నిలబడ్డారు. ఆమె ముఖం ఇప్పుడు 100 డాలర్ల నోటు మీద ఉంది. రాజుకు దక్కే గౌరవం ఒక పాటగత్తెకు దక్కడం ఆ దేశంలో ఆమెతోనే మొదలైంది.

మెల్బా తర్వాతి తరంలో గ్లాడిస్ మాంక్రీఫ్, 1892 ఏప్రిల్ 13న బండబర్గ్‌లో పుట్టిన సంగీత నాటక గాయని, జనానికి ‘మన గ్లాడ్’. పెళ్లి నిలవలేదు. ఆ తర్వాత జీవితమంతా తోడున్నది ఎల్సీ విల్సన్ అనే స్నేహితురాలు. ఇద్దరూ గోల్డ్ కోస్ట్‌లో స్థిరపడ్డారు. వారి బంధానికి అప్పటి పత్రికలు ఏ పేరూ పెట్టలేదు, ఇప్పుడు పెట్టాల్సిన అవసరమూ లేదు. నర్తకుడు రాబర్ట్ హెల్ప్‌మన్ విషయం కొంత వేరు. 1909 ఏప్రిల్ 9న మౌంట్ గాంబియర్‌లో పుట్టి లండన్ బాలేలో పేరు తెచ్చుకున్నాడు. దర్శకుడు మైకేల్ బెంథాల్‌తో అతని సహజీవనం దశాబ్దాల పాటు, 1974లో బెంథాల్ చనిపోయేదాకా సాగింది. 1968లో సర్ బిరుదు వచ్చింది, 1986లో కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అతను సాగించిన జీవితం మాత్రం ఆ కాలంలో చాలా ఏళ్లు చట్టరీత్యా నేరం.

ఆ చట్టం ఇంగ్లండు నుంచి ఖైదీలతో పాటే ఓడల్లో వచ్చింది. మొదట్లో ఉరిశిక్ష, తర్వాత జైలు. ఆడవారి ఊసు అందులో లేదు, కానీ ఉద్యోగం పోవడానికీ పిల్లల మీద హక్కు పోవడానికీ చట్టం ఒక్కటే కారణం కానక్కరలేదు. 1950లలో న్యూ సౌత్ వేల్స్ పోలీసు కమిషనర్ కోలిన్ డెలానీ స్వలింగ సంపర్కాన్ని దేశానికి పెద్ద ముప్పుగా ప్రకటించి అరెస్టులు పెంచాడు. మఫ్టీ పోలీసులు పార్కుల్లో, పాయిఖానాల్లో వల వేసి మనుషులను పట్టేవాళ్లు. అలాంటి రోజుల్లో కలుసుకోవడానికి నమ్మకమైన చోటు స్నేహితుడి ఇల్లు. నమ్మకమైన సాకు పుట్టినరోజు. పదిమంది మగవాళ్లు ఒక హాలులో నాట్యం చేస్తే పోలీసుకు అనుమానం వస్తుంది. తెరలు వేసిన గదిలో కేకు కోస్తూ రికార్డు పెట్టుకుంటే వీధిలో వాళ్లకు అది మామూలు పార్టీ. పెట్టుకున్న రికార్డు మీద పాడేది ఎక్కువసార్లు జూడీ గార్లండ్.

1922 జూన్ 10న పుట్టిన గార్లండ్ అమెరికన్ తార. బాధను పాటగా పాడి మళ్లీ లేచి నిలబడే ఆమె తీరులో ఆ కాలపు గే ప్రేక్షకులు తమను చూసుకున్నారు. 1964 మేలో ఆమె ఆస్ట్రేలియా వచ్చింది. సిడ్నీలో జనం నెత్తిన పెట్టుకున్నారు. మెల్‌బోర్న్ ఫెస్టివల్ హాల్‌లో గంటకు పైగా ఆలస్యంగా వేదికెక్కి తడబడితే కొందరు గేలి చేశారు, ఆమె కచేరీ మధ్యలోనే దిగిపోయింది. ఆ అవమానంతో హాంగ్‌కాంగ్ చేరి, అక్కడి హిల్టన్ హోటల్‌లో పాడుతున్న ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లను చూసింది. ఒకడు పీటర్ అలెన్. గార్లండ్ వాళ్లను తన కచేరీలకు తోడు తీసుకెళ్లింది, పీటర్‌ను తన కూతురు లైజా మినెల్లీకి పరిచయం చేసింది. 1967లో వారి పెళ్లయింది. కొన్నేళ్లకే విడిపోయి 1974లో విడాకులు తీసుకున్నారు, కానీ స్నేహం నిలిచింది.

పీటర్ అలెన్ 1944 ఫిబ్రవరి 10న న్యూ సౌత్ వేల్స్ ఉత్తర కొండల్లోని టెంటర్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తాత జార్జ్ వూల్‌నో ఆ ఊరి హై స్ట్రీట్‌లోని రాతి కొట్టులో గుర్రపు జీనులు కుట్టేవాడు. అరవై ఏళ్ల వయసు దాటినా తోలు వాసన మధ్యనే కూర్చునే ఆ ముసలాయన దగ్గరికి ఊరు ఊరంతా కబుర్లకు వచ్చేది. పీటర్ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు, అప్పటికి పీటర్ ఇంకా బడి వయసు దాటలేదు. ఈ రెండు జ్ఞాపకాలను కలిపి 1972లో అతను తాత మీద పాట కట్టాడు. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. ఊరికి వచ్చేవాళ్లు దాని ముందు ఫొటో దిగనిదే కదలరు. పూల చొక్కా, చేతిలో మరకాస్‌తో రియో పాట పాడి 1977లో దేశంలో మొదటి స్థానానికి చేరాడు. 1981లో న్యూయార్క్ రేడియో సిటీ వేదిక మీదికి ఒంటెనెక్కి వచ్చాడు. 1980 నాటి అతని ఇంటిబెంగ పాటను విమాన సంస్థ క్వాంటాస్ ప్రకటనల్లో వాడుకుంది, పిల్లలకు అది రెండో జాతీయగీతమైంది. జీవన సహచరుడు గ్రెగరీ కానెల్ 1984లో ఎయిడ్స్‌తో పోయాడు. పీటర్ 1992 జూన్ 18న, 48 ఏళ్లకు, అదే వ్యాధి తెచ్చిన క్యాన్సర్‌తో పోయాడు. బతికి ఉండగా తన జీవితం గురించి వేదిక మీద కొంటెగా సూచించాడే తప్ప విప్పి చెప్పలేదు. 1998లో సిడ్నీలో అతని జీవితాన్నే సంగీత నాటకం చేసి ఆడారు. 2003లో అది బ్రాడ్‌వేకి వెళితే హ్యూ జాక్‌మన్ పీటర్ వేషం కట్టి టోనీ అవార్డు తెచ్చుకున్నాడు.

సిడ్నీలో చీకటి ముసుగు తీసి ముందు వెలుగులోకి వచ్చింది ఆడవేషాలే. 1963లో కింగ్స్ క్రాస్‌లో, డార్లింగ్‌హర్స్ట్ రోడ్డూ రోస్లిన్ స్ట్రీటూ కలిసే మూల మీద సామీ లీ అనే క్లబ్బు యజమాని ‘లే గర్ల్స్’ ప్రదర్శన మొదలుపెట్టాడు. ఈకల కిరీటాలు, పూసల గౌన్లు, ఎత్తు మడమలతో మెట్లు దిగి వచ్చే సుందరాంగులంతా పుట్టుకతో మగవాళ్లు. తెలుగువారికి ఇది కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామ చూసిన తాతలు ఆ నడక గురించి ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. కానీ మన రంగస్థలంలో వేషం తీసేస్తే కథ అయిపోయేది, కింగ్స్ క్రాస్‌లో కొందరికి ఆ వేషమే అసలు రూపం. వారిలో పెద్ద పేరు కార్లొట్టా, 1943 సెప్టెంబరు 2న సిడ్నీ బాల్మెయిన్‌లో పుట్టిన ట్రాన్స్ మహిళ. 1973లో ‘నంబర్ 96’ టీవీ సీరియల్‌లో ట్రాన్స్ పాత్ర వేసింది. టీవీలో ట్రాన్స్ పాత్రను ట్రాన్స్ నటే పోషించడంలో ఆమె ప్రపంచానికే ముందు వరుస. ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చిన దంపతులు లే గర్ల్స్ ముందు వరుసలో కూర్చుని పెళ్లిరోజులు, పుట్టినరోజులు చేసుకునేవారు. కార్లొట్టా నోటి దురుసుకు వాళ్లే మొదటి బలి, దానికే డబ్బిచ్చి వచ్చేవారు కూడా. 2020లో ప్రభుత్వం ఆమెకు ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా సభ్యత్వం ఇచ్చింది. ఆమె 80వ పుట్టినరోజు 2023లో వచ్చింది.

రాజకీయం ఆ తర్వాత వచ్చింది. 1970లో సిడ్నీలో జాన్ వేర్, క్రిస్టబెల్ పోల్ అనే ఇద్దరు ‘క్యాంప్’ అనే గే హక్కుల సంస్థ పెట్టి పేర్లతో సహా బయటికి వచ్చారు. 1978 జూన్ 24 రాత్రి, న్యూయార్క్‌లో గేలు పోలీసులకు ఎదురు తిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు వార్షికోత్సవాన్ని గుర్తు చేసుకుంటూ కొన్ని వందల మంది టేలర్ స్క్వేర్ నుంచి ఒక లారీ వెనుక పాటలు పాడుతూ నడిచారు. హైడ్ పార్క్ దగ్గర పోలీసులు లారీని పట్టుకుంటే జనం కింగ్స్ క్రాస్ వైపు మళ్లారు. అక్కడ 53 మందిని అరెస్టు చేశారు. సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ వారి పేర్లు అచ్చేసింది, దానితో కొందరి కొలువులు పోయాయి, కొందరి ఇళ్లు పోయాయి. అదే తొలి మార్డి గ్రా ఊరేగింపు. 1981 నుంచి ఎండాకాలానికి మారింది. తొలి రాత్రి నడిచినవారిని ‘సెవెంటీ ఎయిటర్స్’ అంటారు, ఊరేగింపులో వారికి ఇప్పటికీ ముందు చోటు. 2016లో రాష్ట్ర పార్లమెంటూ ఆ పత్రికా క్షమాపణ చెప్పాయి. చట్టం మాత్రం రాష్ట్రానికో తీరుగా మారింది: దక్షిణ ఆస్ట్రేలియా 1975లో, న్యూ సౌత్ వేల్స్ 1984లో, క్వీన్స్‌లాండ్ 1990లో, టాస్మేనియా అన్నిటికన్నా ఆఖరున 1997లో. ఒకే దేశంలో ఒకడి ప్రేమ సరిహద్దు దాటితే నేరం, దాటకపోతే కాదు. ఈ తిక్క 22 ఏళ్లు నడిచింది.

చట్టం సడలుతున్న వేళకే ఎయిడ్స్ వచ్చిపడింది. స్నేహితులు కుటుంబంగా మారడం మాటల్లో కాక చేతల్లో కనిపించింది అప్పుడే. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మొదటి గే క్రీడల్లో ఈతకు 17 పతకాలు తెచ్చిన సిడ్నీ యువకుడు బాబీ గోల్డ్‌స్మిత్ 1984లో మంచాన పడ్డాడు. ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో చనిపోవాలని అతని కోరిక. స్నేహితులు వంతులు వేసుకుని వండారు, ఒళ్లు తుడిచారు, రాత్రులు కాపలా ఉన్నారు, ఖర్చులకు చందాలు పోగుచేశారు. అతను పోయాక ఆ బృందమే అతని పేర సంస్థ పెట్టింది. హెచ్‌ఐవీ ఉన్నవారి కోసం ఆస్ట్రేలియాలో వెలసిన తొలి దాతృత్వ సంస్థ అది, ఇంకా నడుస్తోంది. 1988లో ఎయిడ్స్ స్మారక బొంత మొదలైంది. పోయినవారి చొక్కాలు, పాత జీన్స్, ఫొటోలు కుట్టిన ఒక్కో పలక సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంటే ఒక సమాధి కొలత. చాలా పలకల మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ పక్కపక్కనే ఉంటాయి, మధ్య దూరం ముప్ఫై ఏళ్లు, ముప్ఫై అయిదేళ్లు. ఆ కాలంలో ఆడవేషం కట్టే డ్రాగ్ తారలు బార్లలో చేసిన ప్రదర్శనల్లో చాలా వాటికి ముందు ఒక బకెట్ తిరిగేది, చిల్లర ఆసుపత్రి ఖర్చులకు పోయేది. చిరంజీవి పుట్టినరోజుకు రక్తదాన శిబిరాలు పెట్టే తెలుగు అభిమానులకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

గాయని ఒలీవియా న్యూటన్-జాన్ జీవితంలో పైన చెప్పిన దారాలన్నీ ముడిపడతాయి. 1948 సెప్టెంబరు 26న కేంబ్రిడ్జ్‌లో పుట్టి, అయిదేళ్ల వయసులో మెల్‌బోర్న్ వచ్చింది. తల్లి తండ్రి మాక్స్ బోర్న్, క్వాంటం భౌతికశాస్త్రానికి నోబెల్ పొందినవాడు. హిట్లర్ పాలనలో ఉద్యోగం పోగొట్టుకున్న బోర్న్ 1935-36లో కొన్ని నెలలు సి.వి. రామన్ పిలుపు మీద బెంగళూరులో పనిచేశాడు. మనవరాలు భౌతికశాస్త్రం జోలికి పోలేదు. టీనేజీలో టీవీ కార్యక్రమాల్లో పాడుతూ ప్యాట్ కారొల్ అనే అమ్మాయితో జత కట్టింది. ఇద్దరూ ఇంగ్లండు క్లబ్బుల్లో ‘ప్యాట్ అండ్ ఒలీవియా’గా తిరిగారు. ప్యాట్ వీసా అయిపోయి వెనక్కి రావలసి వచ్చింది, ఒలీవియా అక్కడే ఉండిపోయింది. ప్యాట్ భర్త జాన్ ఫారర్ తర్వాత ఒలీవియా పాటలెన్నో రాసి, స్వరపరిచాడు. 1980లలో స్నేహితురాళ్లిద్దరూ లాస్ ఏంజెలెస్‌లో కోలా బ్లూ అనే దుకాణం తెరిచి ఆస్ట్రేలియా బట్టలూ తినుబండారాలూ అమ్మారు. వ్యాపారం పెరిగి, 1990ల మొదట్లో దివాలా తీసింది. స్నేహం దివాలా తీయలేదు.

1974లో అమెరికాలో ఒలీవియాను మొదటి స్థానానికి చేర్చిన పాట రాసినవారిలో ఒకడు పీటర్ అలెన్. ఒలీవియా నటించిన 1980 నాటి ‘జానడు’ సినిమా బోల్తా పడితే దాన్ని గే క్లబ్బులు నెత్తికెత్తుకున్నాయి. 1981 నాటి ఆమె పాట ‘ఫిజికల్’ వీడియో చివర కండలు తిరిగిన మగవాళ్లు ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని వెళ్లిపోతారు. ఎంటీవీ చాలాసార్లు ఆ ముగింపు కత్తిరించి వేసింది. పాట మాత్రం అమెరికాలో పది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1992లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ జబ్బును ఆమె దాచలేదు, 2012లో మెల్‌బోర్న్ ఆస్టిన్ ఆసుపత్రిలో తన పేర క్యాన్సర్ కేంద్రం తెరిపించింది. 2019లో రాణి పుట్టినరోజు జాబితాలో దేశపు అత్యున్నత గౌరవాల్లో ఒకటి ఆమెకు వచ్చింది. ఆ సోమవారం జూన్ 10, జూడీ గార్లండ్ పుట్టినరోజు. అది కాకతాళీయమే అయినా, పాత రికార్డులు దాచుకున్నవాళ్లు గమనించకుండా ఉండరు. 2022 ఆగస్టు 8న ఆమె కన్నుమూసింది. 2023 ఫిబ్రవరి 26న మెల్‌బోర్న్ హేమర్ హాల్‌లో ప్రభుత్వం సంస్మరణ సభ జరిపింది.

ఆ సభకు రెండు రోజుల ముందు సిడ్నీలో వరల్డ్ ప్రైడ్ అనే ప్రపంచ గే ఉత్సవపు ప్రారంభ కచేరీ జరిగింది. అందులో పాడింది కైలీ మినోగ్. 1968 మే 28న మెల్‌బోర్న్‌లో పుట్టిన కైలీకి దేశంలో పేరు తెచ్చింది ‘నైబర్స్’ సీరియల్‌లో వేసిన కార్ల మెకానిక్ షార్లీన్ వేషం. షార్లీన్, స్కాట్‌ల పెళ్లి 1987 జూలైలో ప్రసారమైంది. 1988 నవంబరులో బ్రిటన్‌లో వేస్తే దాదాపు రెండు కోట్ల మంది చూశారు. స్కాట్ వేషం వేసిన జేసన్ డొనొవన్‌తో ఆమె పరిచయం చిన్నప్పటి టీవీ రోజుల నాటిది. 2022 జూలైలో సీరియల్ ముగింపు అనుకున్న భాగంలో ఇద్దరూ అదే వీధిలోకి కారులో తిరిగి వచ్చారు. పాటలు మొదలుపెట్టినప్పుడు విమర్శకులు ఆమెను పాడే పిట్ట అని వెక్కిరించారు. సిడ్నీ బార్లలో డ్రాగ్ తారలు మాత్రం కైలీ వేషం కట్టి ఆ పాటలకే పెదాలు కదిపారు. 1994లో మార్డి గ్రా రాత్రి పార్టీకి ఆమె స్వయంగా వచ్చి పాడింది, ఆ తర్వాత 1998లో, 2012లో వచ్చింది. 1994లోనే ‘ప్రిసిల్లా’ సినిమా వచ్చింది. ఇద్దరు డ్రాగ్ తారలు, ఒకప్పటి లే గర్ల్స్ తార బెర్నడెట్ కలిసి పాత బస్సులో ఎడారి దాటే కథ అది. దాని దుస్తులకు ఆస్కార్ వచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ప్రిసిల్లా బస్సూ ఉంది, డ్రాగ్ తారలూ ఉన్నారు, కైలీ కూడా ఉంది. 1978లో పోలీసు బండి ఎక్కించిన నగరం 22 ఏళ్లకు అదే వేషాలను ప్రపంచానికి తన ముఖంగా చూపించుకుంది. 2015లో సినిమాకు 21 ఏళ్లు నిండితే, అందులో కనిపించిన బ్రోకెన్ హిల్ ప్యాలెస్ హోటల్‌లో ‘బ్రోకెన్ హీల్’ ఉత్సవం మొదలైంది. గనుల ఊరి మగవాళ్లు ఎత్తు మడమల చెప్పులు వేసుకుని వీధిలో తిరిగే ఆ పండగ ఏటా జరుగుతోంది.

2005 మే 17న కైలీకి రొమ్ము క్యాన్సర్ అని ప్రకటన వచ్చింది. మెల్‌బోర్న్‌లో శస్త్రచికిత్స జరిగి వారం తిరిగేసరికి 37వ పుట్టినరోజు. వార్త వెలువడిన రెండు వారాల్లో ఆస్ట్రేలియాలో రొమ్ము పరీక్షలకు పేర్లు ఇచ్చేవారు 40 శాతం పెరిగారని, అంతకుముందు ఎన్నడూ పరీక్ష చేయించుకోనివారిలో అది రెట్టింపయిందని వైద్య పత్రికలో అధ్యయనం వచ్చింది. అభిమానం పూలూ కార్డులతో ఆగక ఆసుపత్రి వరుస దాకా వెళ్లిందన్నమాట. 2000 నాటి వీడియోలో ఆమె వేసుకున్న బంగారు రంగు పొట్టి నిక్కరు పాత బట్టల సంతలో 50 పెన్నీలకు కొన్నది. ఇప్పుడది మెల్‌బోర్న్ ఆర్ట్స్ సెంటర్ సేకరణలో భద్రంగా ఉంది. దాని దారాలు ఊడిపోకుండా చూడటం అక్కడివారికి ఉద్యోగంలో భాగం.

మే 28 తెలుగువారికి మరో కారణంగా తెలిసిన తేదీ. 1923లో అదే రోజున ఎన్.టి. రామారావు పుట్టారు. 2023లో శత జయంతిని ఆస్ట్రేలియా నగరాల్లోని తెలుగువారు కూడా జరుపుకున్నారు. కార్లొట్టా పుట్టిన సెప్టెంబరు 2 పవన్ కల్యాణ్ పుట్టినరోజు. ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు, పాత సినిమా మళ్లీ విడుదల అన్నవి మన పద్ధతి. వేషం కట్టి పాటకు పెదాలు కదపడం, బకెట్ తిప్పడం వాళ్ల పద్ధతి. ఒక తేడా ఉంది. మన దగ్గర తార ఇంటివాళ్లు, వారసులు వేడుకలో ముందుంటారు, అభిమాని ఇల్లూ కులమూ ఊరూ వెనుక ఉంటాయి. సిడ్నీ గే సమాజపు వీధి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఆ ఇల్లే లేనివాళ్లు తార తేదీ చుట్టూ ఒకరినొకరు కూడగట్టుకున్నారు. కైలీ మన సినిమాకూ దూరం కాదు. 2009లో ‘బ్లూ’ అనే హిందీ చిత్రంలో ఏ.ఆర్. రెహమాన్ బాణీకి పాడి, ఆడింది.

అభిమానం తిరగబడ్డ కథ కూడా ఉంది. హాస్యనటుడు బారీ హంఫ్రీస్ 1934 ఫిబ్రవరి 17న మెల్‌బోర్న్‌లో పుట్టాడు. 1955 డిసెంబరులో మూనీ పాండ్స్ గృహిణి ఎడ్నా ఎవరేజ్‌గా తొలిసారి వేదికెక్కాడు. 1956 ఒలింపిక్స్‌కు వచ్చే అతిథికి ఇంట్లో గది ఇవ్వడానికి తెగ తాపత్రయపడే మధ్యతరగతి ఆడమనిషి మొదటి స్కిట్ విషయం. క్రమంగా ఎడ్నాకు ఊదారంగు జుట్టు, రెక్కల కళ్లజోడు, ప్రేక్షకుల మీదికి విసిరే గ్లాడియోలస్ పూలు, అందరినీ ఆప్యాయంగా పొడిచే నాలుక వచ్చాయి. 1974లో ఒక సినిమాలో ప్రధాని గఫ్ విట్లమ్ స్వయంగా కనిపించి ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చాడు. గే ప్రేక్షకులు ఎడ్నాను రాణిగా కొలిచారు. 2007లో మెల్‌బోర్న్ నగరం ఒక సందుకు డేమ్ ఎడ్నా పేరు పెట్టింది. మెల్‌బోర్న్ అంతర్జాతీయ హాస్యోత్సవం తన పెద్ద బహుమతిని ఏళ్ల తరబడి ‘బారీ’ అనే పిలిచింది. ట్రాన్స్ వ్యక్తుల గురించి హంఫ్రీస్ అన్న మాటలు గాయం చేశాయని పెద్ద గొడవ అయింది, 2019లో ఉత్సవం ఆ పేరు తీసేసింది. ఆడవేషంతో అరవై ఏళ్లు బతికిన మనిషి నోట ఆ మాటలు రావడం చాలామందికి మింగుడుపడలేదు. మరికొందరికి ఎడ్నా ఎడ్నాయే, బారీ బారీయే. 2023 ఏప్రిల్ 22న సిడ్నీలో అతను చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరు 15న సిడ్నీ ఆపెరా హౌస్‌లో ప్రభుత్వ సంస్మరణ సభ జరిగింది. సందుకు పెట్టిన పేరు అలాగే ఉంది, బహుమతికి ‘బారీ’ అనే పేరు మళ్లీ రాలేదు.